ప్రకాశం సాలై మీద మన పిల్లలు

జార్జి టౌన్‌లో మన పిల్లలు రోజూ తిరిగే బ్రాడ్వేకు ఇప్పటి పేరు ప్రకాశం సాలై. నోటి అలవాటు కొద్దీ మనమంతా ఇంకా బ్రాడ్వే అనే అంటున్నాం. ఆ ప్రకాశం ఎవరని పిల్లలు అడిగితే ఏం చెబుదాం?

టంగుటూరి ప్రకాశం పంతులు 1872లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచింది. హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చదువుకు అండగా నిలిచారు. బారిస్టరై మద్రాసు హైకోర్టులో బాగా సంపాదించిన ప్రకాశం, 1921లో ప్రాక్టీసు వదిలి 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. ఆస్తి అంతా దేశం పనికే కరిగిపోయింది. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌ను నిరసిస్తూ హర్తాళ్ జరిగినప్పుడు హైకోర్టు దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ముందుకొస్తే కాలుస్తామన్న తుపాకుల ఎదుట ఆయన రొమ్ము విప్పి నిలబడ్డారు. జనానికి ఆంధ్రకేసరి అయ్యారు.

మనం చెప్పే కథ చాలాసార్లు ఇక్కడే ఆగిపోతుంది. పదవుల కథ కూడా చెప్పాలి. 1937లో రెవెన్యూ మంత్రిగా జమీందారీ రైతుల కష్టాలపై విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. 1946లో ఉమ్మడి మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. ఏడాది తిరక్కుండానే సొంత పార్టీవాళ్లే దించేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వమూ పడిపోయింది. తుపాకీకి వెరవని మనిషి సభలో ఓట్ల లెక్కకు తలవంచి దిగిపోయారు. ప్రజాస్వామ్యం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏముంది?

మనకు సంబంధించిన సంగతి మరొకటి ఉంది. ఆ అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, మద్రాసు ఇవతలే ఉండిపోయింది. అంతవరకు ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద భాగంగా ఉన్న తెలుగువాళ్లలో, ఇక్కడ మిగిలిన మనం ఆనాటి నుంచి భాషా అల్పసంఖ్యాకులమయ్యాం. మన బడులకు రాజ్యాంగంలోని 30వ అధికరణం అండగా ఉంది. అయితే హక్కు కాగితం మీద ఉంటే చాలదు. తెలుగు చదివే పిల్లలుంటేనే తెలుగు తరగతి నిలుస్తుంది.

ఒక ఆదివారం పిల్లల చెయ్యి పట్టుకుని ప్రకాశం సాలై నుంచి హైకోర్టు దాకా నడుద్దాం. దారిలో ఈ కథ చెబుదాం. ఇంటికొచ్చాక పిల్లలతో దాన్ని తెలుగులో ఒక పేజీ రాయిద్దాం.