రేగడిలో దిగబడిన జీపు

పిల్లలూ, బురదలో దిగబడిన బండిని మీరు చూసే ఉంటారు. డ్రైవరు ఎంత తొక్కినా ఒక వెనుక చక్రం గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతుంది. దాని జతచక్రం మాత్రం గట్టినేల మీద ఉండి కూడా కదలకుండా కూర్చుంటుంది. అది తిరిగితే బండి బయటపడుతుంది కదా! మరి ఎందుకు తిరగదు?

ఈ ప్రశ్న నాకు ఎమ్మిగనూరు, ఆదోనిల మధ్య ఒక పొలందారిలో ఎదురయింది. కొన్నేళ్ల క్రిందట ఆదోనిలో విజ్ఞాన ప్రదర్శనకు ఆరుగురు విద్యార్థులతో, నమూనాలతో అద్దె జీపులో బయలుదేరాం. ముందురాత్రి వాన కురిసింది. దగ్గరిదారి అని పొలాల వైపు మళ్లించమన్నది నేనే. అర కిలోమీటరు పోయామో లేదో, జీపు ఎడమవైపు ఒరిగి ఇరుసు దాకా దిగబడింది.

మా నల్లరేగడి తీరే అంత. ఎండలకు చేయి దూరేంత పగుళ్లిస్తుంది, వానకు ఉబ్బి జిగురవుతుంది. ఇందులో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంది. పుస్తకంలో కాగితాల్లాగా దానివి పలుచని పొరలు. నీరు వాటి మధ్యకు దూరి పొరలను ఎడం చేస్తుంది. నీటిని ఇలా దాచుకోవడం పత్తి చేనుకు మేలే. టైరుకు మాత్రం కీడు. బంకమన్ను గాడుల నిండా పట్టి టైరును నున్నగా చేస్తుంది. ఇక ఘర్షణ ఎక్కడిది?

మా అదృష్టం కొద్దీ ఒక ట్రాక్టరు వచ్చింది. నడిపే యువకుడు దిగి చూసి, "తొక్కాకండి సార్, తొక్కేకొద్దీ లోపలికి పోతాది" అన్నాడు. జీపు టైర్లలో కొంత గాలి వదిలాడు. మెత్తబడిన టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది. బరువు అదే అయినా వైశాల్యం పెరిగింది గనుక పీడనం తగ్గుతుంది. చక్రాల ముందు నిరుటి పత్తికట్టె పరిచి, మోకు కట్టాడు. తరువాత మోకు నడుమ తడి గోనెసంచి వేసి, "పిల్లోళ్లు దూరం పోండప్పా! మోకు పొడవుకంటే దూరం పోవాల" అని కేకవేశాడు. మా వాళ్లు అయిష్టంగానే వెనక్కు జరిగారు.

ట్రాక్టరు లాగింది. మోకు సాగింది, ఫట్‌మని తెగింది. తెగిన కొస మా పిల్లలు అంతకుముందు నిలబడిన చోట ఉన్న తుమ్మకొమ్మను విరగ్గొట్టింది. సాగిన తాడులో స్థితిజశక్తి నిలవ ఉంటుందని ఎన్నో ఏళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్నవాణ్ణి నేను. అయినా పిల్లలను దూరం పంపాలని నాకు తట్టలేదు. ఆ కొమ్మను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

రెండోసారి మోకును జంటపేటగా కట్టాడు. ఒక్కొక్క పేట మీద సగం బలమే పడుతుంది. ఈసారి ట్రాక్టరు కుడిచక్రమే జారి గిర్రున తిరిగింది. అతడు ఒక్క కుడిచక్రం బ్రేకు మాత్రం తొక్కాడు. అంతే! ఎడమచక్రం నేలను పట్టింది, జీపు బయటికి వచ్చింది.

తిరిగే చక్రాన్ని ఆపితే బండి కదలడమేమిటి? ఇదే అసలు సంగతి. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి. చక్రాల నడుమ దూరం 1.4 మీటర్లనుకుంటే, ఒక పూర్తి చుట్టుకు సుమారు 8.8 మీటర్లు ఎక్కువ. చుట్టు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు, లెక్క వేసి చూడండి. అందుకోసం ఇరుసు మధ్య డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక పెడతారు. ఫ్రాన్సులో పెక్యూర్ అనే గడియారాల నిపుణుడు 1820ల చివర దీన్ని తయారుచేశాడు. ఇది రెండు చక్రాలనూ వేరువేరు వేగాలతో తిరగనిస్తుంది, కాని తిప్పే బలాన్ని సమానంగా పంచుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

కాడికి కట్టిన ఎద్దులను చూడండి. ఒకటి బలం పెట్టకపోతే కాడి వంకర తిరుగుతుంది, రెండోదాని బలమూ బండికి అందదు. ఇంట్లో చేసి చూడవచ్చు. అడుగు స్కేలు రెండు చివరలా దారాలు కట్టి, ఒకదానికి ఖాళీ అగ్గిపెట్టె, మరొకదానికి లావుపాటి పుస్తకం కట్టండి. స్కేలు నడిమికి దారం కట్టి లాగండి. అగ్గిపెట్టె పరుగెత్తుతుంది, పుస్తకం కదలదు. ఇప్పుడు అగ్గిపెట్టెను వేలితో నొక్కిపట్టి లాగండి. పుస్తకం కదులుతుంది! మీ వేలే ఆ ఒంటి బ్రేకు. పొలంలో పనికి వస్తుందనే ట్రాక్టరుకు వెనుక చక్రాలకు వేరువేరు బ్రేకు పెడళ్లు పెడతారు. రోడ్డెక్కగానే రెండింటినీ కొక్కెంతో కలపాలి. లేకపోతే వేగంలో ఒకపక్కే బ్రేకు పడి ట్రాక్టరు బోల్తా కొడుతుంది. రెండు చక్రాలనూ ఒక్కటిగా బిగించే డిఫరెన్షియల్ లాకు కూడా చాలా ట్రాక్టర్లలో ఉంటుంది.

జీపు బయటపడింది గాని స్టార్టు కాలేదు. పక్కకు ఒరిగినందువల్ల ట్యాంకులోని కొద్దిపాటి డీజిలుకు బదులు గొట్టంలోకి గాలి వచ్చింది. డీజిలును సన్నని తుంపరగా చిమ్మాలంటే వాతావరణ పీడనానికి వంద రెట్లకు పైగా ఒత్తిడి కావాలి. గాలి ఉంటే స్ప్రింగులాగా నలిగిపోతుంది, ఒత్తిడి పుట్టదు. అతడు ఫిల్టరు మరను వదులుచేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టి బిగించాడు.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "రేపు నా ట్రాక్టరు దిగబడితే మీ జీపే లాగాల గదా సార్" అని నవ్వాడు. కొండల్లో, ఇసుకల్లో సరదాకు జీపులు నడిపేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. ఒక్క బండితో ఒంటరిగా పోకూడదన్నది వాళ్లు ముందుగా నేర్చుకునే నియమం. మా యువకుడికి అది ఎవరూ నేర్పినట్టు లేదు.

పంచరుషాపులో టైర్లకు గాలి నింపించుకుని ఆదోని చేరేసరికి మూడు దాటింది. నమూనాలు బురద కొట్టుకుపోయాయి. మా విద్యార్థి ఒకడు స్కేలు, దారం, అగ్గిపెట్టె అడిగి తెచ్చుకుని బల్ల మీద పెట్టుకున్నాడు.