జోలె పట్టిన గాయకుడు

ప్రాతఃకాలమున ఏ యింటనుండియో భగవద్గీత వినవచ్చినంతనే ఆ గాత్రమెవ్వరిదో మనము గుర్తింతుము. ఆ గాత్రము ఏ యింట పుట్టినది, ఎవ్వరి చేతి యన్నముతో పెరిగినది యను సంగతి మాత్రము విచారింపము. సోదరీమణులకు ఇట్టి విషయములయందు కుతూహలము మెండని యెరిగి, ఈ మాసము ఘంటసాల వేంకటేశ్వరరావుగారి బాల్యమును గూర్చి ముచ్చటింప దలచితిమి.

సంగీతము పుట్టింటి సొత్తుగా లభించినవారు కొందరు కలరు. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు 1916లో మధురలో జన్మించిరి. తల్లి షణ్ముఖవడివుగారు వైణికురాలు. అమ్మమ్మ అక్కమ్మాళ్ గారు ఫిడేలు వాయించెడివారు. అట్టి యింటి శిశువునకు శ్రుతిజ్ఞానము ఉగ్గుతోనే అబ్బును. భానుమతిగారికి తండ్రి వెంకటసుబ్బయ్యగారే తొలి గురువు.

ఘంటసాలవారికి అట్టి భాగ్యము సగములోనే తెగిపోయెను. వారు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడ సమీపముననున్న చౌటపల్లిలో జన్మించిరి. తల్లి రత్తమ్మగారు. తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించుచు, నారాయణతీర్థులవారి తరంగములు పాడెడివారు. కుమారుని భుజముపై నెక్కించుకొని భజనలకు గొనిపోయెడివారు. తండ్రి పాడుచుండ బాలుడు నాట్యమాడెడివాడు. చూచినవారు మురిసి బాలభరతుడని పిలిచిరి. ఆ బాలునకు పదునొకండవ యేట తండ్రి కాలధర్మము నొందెను. సంగీతము నేర్చి గొప్పవాడవు కావలెనని అవసానకాలమున ఆయన కోరినట్లు చెప్పుదురు. మేనమామ పిచ్చిరామయ్యగారు ఆ కుటుంబమును చేరదీసిరి. భర్తను గోల్పోయి పిల్లలతో సోదరుని పంచ జేరిన యిల్లాలి స్థితి మన చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు.

తండ్రి మాట నిలుపుటకై ఆ పిల్లవాడు సంగీతజ్ఞుల యిండ్ల చాకిరికి కుదిరెను. గుడ్డలుతికించుకొన్నవారే గాని స్వరములు చెప్పినవారు లేరైరి. తుదకు వ్రేలి యుంగరము నమ్ముకొని, ఇంట చెప్పకయే విజయనగరము చేరెను. అప్పటికి సంగీతకళాశాలకు వేసవి సెలవులు. అధ్యక్షులగు ద్వారం వేంకటస్వామినాయుడుగారు దయతలచి అచ్చటనే యుండనిచ్చిరి. వారములు చేసికొని భోజనము సాగించుచుండగా, తోడివారు చేయని దొంగతనమును ఆ బాలునిపై మోపిరి. ఆ మాట విని అన్నము పెట్టెడివారు తలుపులు మూసిరి. నింద నిజమా కాదా యని ఒక్కరైన ఆరా తీసియుందురా? పరుల పిల్లలయెడ మనమెంత త్వరపడి తీర్పు చెప్పుదుమో తలచికొన్న సిగ్గగును.

అట్టితరి పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలుని తమయింటికి పిలిచి విద్య చెప్పుటకు పూనుకొనిరి. వారిది చాలీచాలని సంసారము. విద్య పెట్టగలరు గాని అన్నము పెట్టలేరు. ఒక మఠములోని సాధువు భుజమునకు జోలె గట్టి మధుకరమెత్తు విధము నేర్పెను. వీధివీధి తిరిగి తెచ్చిన యన్నమే రెండుపూటలకును ఆధారము. మిగిలిన యన్నమును గుడ్డలో మూటగట్టి యుంచగా చీమలు పట్టెడివట! అందులకై మేనమామకు జాబు వ్రాసి, ఆయన పంపిన డబ్బుతో ఒక చిన్న డబ్బా కొనుక్కొనిరట. ఆయన చరితమున మమ్ము మిక్కిలి కదిలించినది ఈ డబ్బాయే. 

ఆ జోలెలో పిడికెడు మెతుకులు వేసిన యిల్లాండ్రెవ్వరో! వారిలో కొందరు ప్రీతితో వేసియుందురు, కొందరు విసుగుకొనియు వేసియుందురు. ఎవ్వని కంఠమును పోషించుచున్నారో వారికి తెలియదు.

విద్య ముగించుకొని స్వగ్రామమునకు మరలి, పెండ్లిండ్లలోను ఉత్సవములలోను పాడుచుండిరి. 1942 ఉద్యమమున పాల్గొని కారాగారమున నుండిరి. 1944లో సావిత్రిగారిని వివాహమాడిరి. అత్తవారి యూరివారగు సముద్రాల రాఘవాచార్యులుగారి ప్రోత్సాహమున మదరాసు చేరిరి. ఆచార్యులవారి యిల్లు చిన్నది; వారి నిబ్బంది పెట్టనొల్లక, పానగల్ పార్కు కావలివానికి నెలకు రెండు రూపాయలిచ్చి రాత్రులు అచ్చటనే పరుండిరట. 1945 నాటి స్వర్గసీమ చిత్రమున భానుమతిగారితో కలసి పాడు నవకాశము వచ్చెను. ఆ పాటకు ముట్టిన పారితోషికము 116 రూపాయలని చెప్పుదురు.