చాదస్తం కాదు, జబ్బు

"ముసలితనంలో చాదస్తం సహజమే" అనుకోవడం మన యిళ్ళలో పరిపాటి. అన్నం తిని చెయ్యి కడుక్కున్న అరగంటకే అత్తగారు వీధి అరుగుమీద కూర్చుని, "పొద్దుటినుంచీ మా కోడలు మెతుకు పెట్టలేదమ్మా" అని పొరుగువారితో అంటారు. విన్నవారు కోడలివంక అదోలా చూస్తారు. ఆ యిల్లాలి మనస్సెలా వుంటుందో ఆలోచించండి! నిజానికి యిందులో అత్తగారి కపటమూ లేదు, కోడలి దోషమూ లేదు. తిన్న సంగతి ఆవిడకు జ్ఞాపకం లేదు, అంతే.

దీనినే వైద్యులు డెమెన్షియా అంటారు. తాళంచెవి యెక్కడ పెట్టామో మరచిపోవడం మామూలు మతిమరపు. చేతిలో వున్న తాళంచెవి దేనికో తెలియకపోవడం జబ్బు లక్షణం. దీనిలో అన్నిటికన్న యెక్కువగా కనిపించే రకాన్ని 1906లో ఆల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు మొదట వివరించాడు. మన దేశంలో 60 యేళ్ళు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి డెమెన్షియా వున్నదని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. పూర్తిగా నయంచేసే మందు నేటికీ లేదు. కనుక భారమంతా సాకేవారిమీద పడుతుంది. సాధారణంగా ఆ సాకేది భార్యో, కూతురో, కోడలో.

పసిబిడ్డను పెంచడం నేర్పడానికి అమ్మమ్మలున్నారు. మరి యీ సేవ నేర్పేదెవరు? అందుకు పుట్టినవే సామూహిక శిక్షణ తరగతులు. ఇటువంటి రోగులను సాకే యెనిమిది, పదిమంది వారానికొకసారి ఒకచోట చేరతారు. జబ్బు తెలిసినవారొకరు పాఠం చెబుతారు. మొదటి పాఠం, రోగితో వాదించవద్దని. "ఇందాకనేగా తిన్నారు!" అని గద్దించేకంటె ఒక అరటిపండు చేతికిచ్చి మాట మళ్ళించడం మేలు. సాయంకాలం కాగానే "మా యింటికి పోతాను" అంటూ గుమ్మం దిగే తండ్రివెంట నాలుగడుగులు నడిచి, కబుర్లలో పెట్టి వెనక్కు తీసుకురావాలి. స్నానానికి మొరాయిస్తే ఒక గంట ఆగి మళ్ళీ పిలవాలి.

ఇవన్నీ పుస్తకంలో చదువుకోవచ్చు గదా అంటారేమో! కాని "నిన్న వోపిక నశించి మా ఆయనమీద చెయ్యెత్తాను" అని ఒకావిడ నోరు విప్పినప్పుడు, పక్కావిడ "నేనూ అంతేనమ్మా" అనడం యే పుస్తకంలోనూ దొరకదు. తనొక్కతే పాపిష్టిది కాదని తెలిసిన మరునాడు ఆమె చెయ్యి లేవదు.

గోవాలో 81 కుటుంబాలతో జరిపిన పరిశోధన 2008లో వెలువడింది. అక్కడ శిక్షణ పొందిన కార్యకర్తలు 6 నెలలపాటు యిళ్ళకే వెళ్ళి సాకే పద్ధతులు బోధించారు, ఆ కుటుంబాలను ఒకరికొకరిని కలిపారు. రోగుల ప్రవర్తనలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. సాకేవారి మనోవేదన మాత్రం తగ్గింది. జబ్బు తగ్గకపోయినా బరువు తగ్గించవచ్చునన్నమాట.

మన దేశంలో యీ పనికోసం 1992లో కేరళలో ఆల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా వెలిసింది. హైదరాబాదులోనూ శాఖ యేర్పడింది. సంస్థలు లేని వూళ్ళలో ఒక డాక్టరుగారు, ఒక బడి గది, వారానికి గంటన్నర కాలం వుంటే చాలు.

అయితే ఒక చిక్కుంది. రోగిని వదలి ఆ యిల్లాలు గడప దాటడమెలా? ఆ గంటన్నర తల్లిదగ్గర కూర్చోవలసింది కొడుకు. మరుసటి వారం తానే తరగతికి వెళ్ళి, భార్యకు విశ్రాంతినిస్తే మరీ మంచిది. కన్నతల్లి సేవ కోడలి వంతు మాత్రమే కాదు గదా!