పగులు కబురు ఉక్కు పలకలో ఎలా పాకుతుంది?

ఉక్కు పలకలో ఒక పగులు వెంట్రుకవాసి ముందుకు సాగినా చాలు, అక్కడ బిగిసి ఉన్న ఒత్తిడి ఒక్కసారిగా సడలుతుంది. చుట్టూ ఉన్న లోహం అదిరి, రెండు రకాల అలలు బయల్దేరతాయి. మొదటిది లోహాన్ని నొక్కుతూ, సాగదీస్తూ సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోతుంది. రెండోది షియర్ తరంగం. మంచం మీద దుప్పటి అంచు పట్టుకుని విదిలించినట్టు, అల ముందుకు పోతుంటే లోహపు కణాలు అడ్డంగా ఊగుతాయి. దీని వేగం సుమారు 3,200 మీటర్లే.

ఎందుకంత తేడా? ఉక్కును నొక్కడం కన్నా దాని పొరలను పక్కకు జరపడం తేలిక. ఎదురు తక్కువైతే వేగమూ తగ్గుతుంది. నీటికి ఆ ఎదురు అసలే లేదు. అందుకే షియర్ తరంగం నీటిలో సాగదు.

పలుచని పలకలో మరో వింత ఉంది. రెండు అలలూ పైముఖానికీ కిందిముఖానికీ తగిలి వెనక్కి మళ్లుతూ, ఒకదానిలో ఒకటి కలిసి, పలక వెంటే సాగే కొత్త అలలవుతాయి. 1917లో ఇంగ్లండ్ గణితవేత్త హోరేస్ లాంబ్ వీటి లెక్క తేల్చాడు. ఇవి లోతుకు చెదిరిపోవు కనుక చాలా దూరం వెళ్తాయి.

వంతెనలకూ పెద్ద ట్యాంకులకూ ఇంజనీర్లు సెన్సర్లు అతికించేది ఈ అలల కోసమే. ఏ సెన్సర్‌కు అల ఎంత ముందు చేరిందో చూసి, కంటికి ఆనని పగులు ఎక్కడుందో పట్టేస్తారు. ఎంత గొప్ప పనో!