మీకు తెలుసా? సికింద్రాబాద్‌లో ఫొటోల కుటుంబం

1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం విడిగా ఒక ఫొటో స్టూడియో వెలిసిందని మీకు తెలుసా? జనానా స్టూడియో అనేవారు దాన్ని. చుట్టూ ఎత్తైన ప్రహరీ గోడలు. లోపల ఫొటో తీసేది కూడా ఆడమనిషే, కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. పరదా పాటించే ఘరానా ఇళ్ల ఆడవాళ్లు పరపురుషుల కంట పడకుండా వచ్చి ఫొటో దిగి వెళ్లడానికి ఈ ఏర్పాటు. ఇది పెట్టించింది రాజా దీన్ దయాళ్.

దీన్ దయాళ్‌ది ఈ ఊరు కాదు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఓ జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందోర్‌లో ప్రభుత్వ కొలువులో చేరారు. అంచనాలు కట్టడం, నక్షలు గీయడం అక్కడ ఆయన పని. 1874 ప్రాంతంలో కెమెరా పట్టుకున్నారు. ఇక ఆ ధ్యాస వదల్లేదు, చివరికి సర్కారు నౌకరీయే వదులుకున్నారు. 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని తన ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నారు.

స్టూడియో పెట్టడానికి ఆయన ఎంచుకున్న చోటు సికింద్రాబాద్. ఆ రోజుల్లో అది శరవేగంగా పెరుగుతున్న ఊరు. కంటోన్మెంట్ అప్పటికే ఉంది, 1874లో రైలు వచ్చింది. ఒక పక్క బ్రిటిష్ పటాలాలు, ఇంకో పక్క నిజాం దర్బారు. బదిలీ మీద వచ్చే ప్రతి దొరకూ సొంత దేశంలోని అమ్మానాన్నలకు పంపడానికి ఒక ఫొటో కావాలి. ప్రతి నవాబుకూ దివాన్‌ఖానా గోడకు ఒకటి కావాలి. ఆయన్ని గొప్ప కళాకారుడని అందరూ అంటారు, నిజమే. కానీ ఎవరికి ఏం కావాలో ముందే పసిగట్టిన గట్టి వ్యాపారి కూడా ఆయన. ఆ సంగతి మనం సరిగా చెప్పుకోలేదనిపిస్తుంది. జనానా స్టూడియో ఆలోచనే చూడండి. ఊళ్లో సగం మంది గిరాకీ గుమ్మం దాటి రాలేకపోతోందని గుర్తించి, వాళ్ల కోసం వేరే గుమ్మం కట్టించారు.

కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇద్దరూ నాన్న దగ్గరే పని నేర్చారు. దుకాణం పేరు రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్ అయింది. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. యాభై మందికి పైగా పనివాళ్లు ఉండేవారు. విక్టోరియా మహారాణి కూడా తన ఫొటోగ్రాఫర్‌గా ఆయన్ని గుర్తించారు. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు మన వరంగల్ వైపు నెక్కొండ దగ్గర వేటాడిన పులితో దిగిన ఫొటో వీళ్ల స్టూడియోదే. కోటలు, దర్బార్లు, పెళ్లిళ్లు, సైనిక విన్యాసాలతో పాటు కరువు సహాయ పనులను కూడా తీశారు. ఆనాటి నిజాం రాజ్యం ఎలా ఉండేదో ఈ రోజు మన కళ్లకు కడుతున్నది చాలావరకు ఈ కుటుంబం చలవే.

అప్పట్లో ఫిల్మ్ చుట్టలు కాదు, వాడింది గాజు పలకలు. మందు పూసిన గాజు మీద బొమ్మ తలకిందులుగా, నలుపు తెలుపులు తారుమారై పడేది. దాన్ని కాగితం మీద పెట్టి ఎండ తగలనిస్తే అసలు ఫొటో వచ్చేది. చాలా ఫొటోల అడుగున వరస నంబరు, పేరు కనిపిస్తాయి. అవి పలక మీద రాసినవే. చెయ్యి జారితే పలకతో పాటు ఆ బొమ్మా పోయినట్టే. అలాంటి పలకల్ని వేలకొద్దీ దాచిపెట్టుకోవడం ఎంత ఓపికతో కూడిన పనో ఆలోచించండి.

తర్వాత ఈ కుటుంబానికి దెబ్బ మీద దెబ్బ. 1904లో ధరమ్ చంద్, మరుసటి ఏడాది 1905లో దీన్ దయాళ్ పోయారు. జ్ఞాన్ చంద్ 1919 దాకా పని సాగించారు. ఆ వైభవం మళ్లీ రాలేదు. అయినా వారసులు పలకల్ని పారేయలేదు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు పలకల్ని వాళ్ల దగ్గర నుంచి తీసుకుంది. 2006లో తపాలా శాఖ దీన్ దయాళ్ పేరు మీద స్టాంపు తెచ్చింది.

మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో అట్టకు అంటించిన తాతముత్తాతల ఫొటో ఉంటే ఒకసారి బయటికి తీయండి. అట్ట అంచున, వెనక స్టూడియో పేరు ఉందేమో చూడండి. ఏ స్టూడియోదైనా సరే, ఆ అట్టను మాత్రం ఊడదీయొద్దు. ఫొటోలో ఉన్నది ఎవరో, ఏ ఊరో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి, వెనక పెన్సిల్‌తో రాసిపెట్టండి.