ఉత్తరదేశపు చలియు, మన మోటారు కారును

పెనుకొండ మండలములోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారము 2019వ సంవత్సరమున ఉత్పత్తి ప్రారంభించినది. సంవత్సరమునకు మూడు లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యముతో నెలకొల్పిన కర్మాగారమది. వేరుసెనగ చేల నడుమ పుట్టిన ఆ కార్లు దేశము నలుమూలలకును పోవుచున్నవి. మన హిందూపురము, ధర్మవరము ప్రాంతముల యువకులును పోవుచున్నారు: కొందరు లారీలపై లడక్, హిమాచల్ వైపునకు, మరికొందరు చదువులకై మిషిగన్, మిన్నెసోటా, కెనడాలకు. వీరందరికిని స్టీరింగు పట్టుట తెలియును. చలి యనగా నేమో మాత్రము తెలియదు. పుష్యమాసపు తెల్లవారుజామున దుప్పటి ముసుగుతన్ని మనము వణకు చలి సున్నకు పది పన్నెండు డిగ్రీలు పైననే యుండును. జనవరిలో లే పట్టణమున సున్నకు దిగువ 15 డిగ్రీలు సామాన్యము. కెనడాలోని విన్నిపెగ్ నగరమున దిగువ 30 కూడ వింత కాదు. గల్ఫు దేశములలో కారు నడిపివచ్చిన మన ఉస్తాదుల అనుభవ మెంత గొప్పదైనను, అది ఎండతో చేసిన పోరాటము గనుక ఇచట అక్కరకు రాదు.

చలి మొదట పట్టుకొనునది బ్యాటరీని. దానిలో విద్యుత్తు పుట్టుట రసాయనిక చర్య వలన. చలిలో ఆ చర్య మందగించును. సున్న డిగ్రీల వద్ద దాని బలము సుమారు మూడవవంతు తగ్గును. దిగువ 18 వద్ద సగమునకు పైగా పోవును. సరిగా ఆ సమయముననే ఇంజనులోని నూనె చిక్కబడి, దానిని త్రిప్పుటకు ఎక్కువ బలము కావలసివచ్చును. ఆదాయము తగ్గి ఖర్చు పెరిగిన సంసారము వంటిది ఇది. కావున చలికాలమునకు ముందే బ్యాటరీని పరీక్ష చేయించవలెను. మన వైపు ఎండలు బ్యాటరీని లోలోపల క్షీణింపజేయును. ఆ క్షీణత బయటపడునది చలిలో. పూర్తిగా ఛార్జి యున్న బ్యాటరీ ఇట్టి చలికి గడ్డకట్టదు గాని, ఖాళీయైనది సున్నకు పది డిగ్రీలు దిగకముందే గడ్డకట్టి పగులవచ్చును. నూనె డబ్బాపై అంకె ప్రక్కనుండు ‘డబ్ల్యు’ అక్షరము శీతకాలమునకు గుర్తు. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైన చలిలో ఆ నూనె అంత తేలికగా పారును. ఏ నూనె వాడవలెనో కారుతో ఇచ్చిన పుస్తకమే చెప్పును.

ఇక రేడియేటరు సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. మన లారీలలో క్లీనరు బోరింగు నీటిని బిందెతో తెచ్చి రేడియేటరులో పోయుట అందరును చూచినదే. మన బోరు నీటి సున్నపు పొర లోపల పేరుకొనుటయే ఇచట దాని వలని నష్టము. చలిదేశమున ప్రమాదము వేరు. నీరు గడ్డకట్టునపుడు సుమారు తొమ్మిది శాతము వ్యాకోచించును. ఆ ఒత్తిడికి పోత ఇనుప ఇంజను సైతము చీలిపోవును. అది బాగుచేయదగిన గాయము కాదు. అందుచేత నీటిలో ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవమును కలుపుదురు. రెండును సమపాళ్లలో కలిసినచో దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. విచిత్ర మేమనగా, నీరు కలియని గ్లైకాల్ దిగువ 13 వద్దనే గడ్డకట్టును! కాబట్టి ఎక్కువ పోసిన ఎక్కువ మేలని భ్రమపడరాదు. కలుపునది శుద్ధిచేసిన నీరు కావలెను. గ్లైకాల్ తియ్యగా నుండును గాని విషము. పిల్లలకు, పశువులకు అందనీయరాదు.

డీసెలు గురించి చెప్పుటకు కొబ్బరినూనె సీసా చాలును. చలికాలపు ఉదయమున అది గడ్డకట్టగా మన తల్లులు ఎండలో పెట్టుట ఎరుగుదుము. డీసెలులో మైనపు అంశ కలదు. చలిలో ఆ మైనము పొరలుగా విడివడి ఫిల్టరును మూసివేయును, ఇంజను ఆగిపోవును. లడక్ ప్రాంతమునకై ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో దిగువ 33 డిగ్రీల వరకు పారు ప్రత్యేక శీతకాల డీసెలును ప్రవేశపెట్టినది. మైదానమున నింపిన డీసెలుతో కొండలెక్కువారు ట్యాంకును వీలైనంత ఖర్చుచేసి అచట దానిని నింపుకొనవలెను. ట్యాంకు క్రింద మంట పెట్టి కరిగించు అలవాటు కొందరు డ్రైవర్లకు కలదు. అది ప్రాణములతో ఆట.

కెనడాలో కార్ల ముందుభాగము నుండి కరెంటు తీగ వ్రేలాడుట చూచి క్రొత్తగా వెళ్లినవారు అన్నియు విద్యుత్తు కార్లే యనుకొందురు. అది ఇంజనును రాత్రియంతయు వెచ్చగా నుంచు హీటరు తీగ. అట్టి హీటరుకు అమెరికాలోని నార్త్ డకోటా వాసి ఆండ్రూ ఫ్రీమన్ 1949లో పేటెంటు పొందెను.

సామాన్యపు టైరు రబ్బరు ఏడు డిగ్రీలకు దిగువన బిరుసెక్కి పట్టు కోల్పోవును. శీతకాలపు టైర్లు మెత్తని రబ్బరుతో చేసినవి. క్యుబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు అవి చట్టరీత్యా తప్పనిసరి. వెచ్చని షెడ్డులో గాలి నింపిన టైరు నలుబది డిగ్రీల తేడాగల వీధిలోనికి రాగానే ఆరేడు పౌండ్ల ఒత్తిడి కోల్పోవును గనుక తరచు చూచుకొనవలెను. నాలుగు చక్రములకును బలమందు కారు కదలుటకు సాయపడును గాని, ఆగుటకు కాదు. ఈ ఒక్క మాట మరచినవారే మంచుపై ముందు కారును గ్రుద్దుచుందురు.

అద్దము కడుగు తొట్టిలో మామూలు నీరుండరాదు. మంచు పట్టిన అద్దముపై వేడినీరు పోయరాదు, పగులును. తడిసిన హ్యాండుబ్రేకు గడ్డకట్టి పట్టుకొనును. సమతలమున గేరులో నిలుపుట మేలు. అచటి రోడ్లపై ఉప్పు చల్లుదురు గావున కారు అడుగుభాగము అప్పుడప్పుడు కడిగించకున్న తుప్పు తినివేయును.

అన్నిటికన్న ముఖ్యమైనది కారు కాదు, అందులోని మనిషి. 2022 జనవరిలో పాకిస్తానులోని మర్రీ కొండలపై మంచు తుపానులో చిక్కి ఇరువదిమందికి పైగా మరణించిరి. కొందరిని చంపినది కార్బన్ మోనాక్సైడు. మంచు పొగగొట్టమును మూసినపుడు ఆ వాయువు లోనికి చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. మత్తువలె నిద్ర వచ్చును, అంతే. చిక్కుకొన్నవారు మొదట దిగి పొగగొట్టము చుట్టునున్న మంచు తీయవలెను. ఇంజను గంటకు పది నిమిషములు మాత్రమే నడిపి, గాలి వీచని వైపు కిటికీ అంగుళము తెరచియుంచవలెను. తుపానులో కారు విడిచి నడచిపోరాదు. వెదకువారికి మనిషికన్న కారే ముందు కనబడును. అందుకై డిక్కీలో చిన్న పార, టార్చిలైటు, త్రాగునీరు, కొన్ని బిస్కట్లు, మనిషికొక మందపు కంబళి ఉంచుకొనవలెను. ట్యాంకు సగమునకు తగ్గనీయరాదు.