ఎర్ర బంతి ఎందుకంత బద్ధకంగా లేస్తుంది?

గుంటూరు నుంచి ఒక తండ్రి అడిగారు: "మా వాడు రెండో తరగతి. టెన్నిస్ నేర్పుతామని స్కూల్లో మెత్తటి ఎర్ర బంతి చేతికిచ్చారు. అసలు బంతితో మొదలుపెడితేనే కదా అలవాటయ్యేది?" ఈ నెలకు అనుకున్న వ్యాసం పక్కనపెట్టేశాను.

ముక్తసరిగా సంగతి ఇదీ. పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వద్దని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నిబంధన పెట్టింది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులే వాడాలి. ఎర్ర బంతి ఆటకు 11 మీటర్ల కోర్టు చాలు, పెద్దలది 23.77.

అసలు మజా బంతి ఎగరడంలో ఉంది. 254 సెం.మీ. ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే పసుపుది 135-147 సెం.మీ. లేవాలి, ఎర్రది 90-105 మాత్రమే. ఏమిటీ తేడా? పసుపు బంతిలో గాలిని ఒత్తిడితో బిగిస్తారు. నేలకు తగిలి నలిగినప్పుడు గాలి తాను తీసుకున్న శక్తిని దాదాపు పూర్తిగా తిరిగిచ్చేస్తుంది. రబ్బరు మాత్రం కొంత వేడిగా మింగేస్తుంది. ఎర్ర బంతిలో ఒత్తిడి తక్కువ, కాబట్టి రబ్బరు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ మింగుతుంది.

ఇక్కడ న్యూటనే తప్పులో కాలేశాడు. రెండు వస్తువులు ఢీకొని విడిపోయే వేగానికీ, దగ్గరైన వేగానికీ ఉన్న నిష్పత్తి ఆ పదార్థానికి స్థిరమన్నాడు: ఉన్ని ఉండలకు 5/9, గాజుకు 15/16. టెన్నిస్ బంతి ఆ మాట వినదు. ఎంత గట్టిగా కొడితే అంత నలుగుతుంది, నిష్పత్తి అంత పడిపోతుంది.

ఇక పిల్లాడి సంగతి. ఎత్తు 120 సెం.మీ. అనుకుందాం. అవతలి పిల్ల కొట్టిన బంతి రెండు మీటర్లు లేచి పడితే, పసుపుది వాడి కళ్లదాకా ఎగురుతుంది. ఎర్రది 77 సెం.మీ., అంటే నడుముకు కాస్త పైన. ర్యాలీ నిలిచేది ఆ ఎత్తులోనే. కానీ చిక్కొకటి: తక్కువ లేచే బంతి తొందరగా రెండోసారి నేల తాకుతుంది. పసుపుదానికి సుమారు 0.95 సెకన్లు, ఎర్రదానికి 0.8. పిల్లాడికి సమయం తగ్గినట్టే కదా?

ఆ లోటు గాలి తీరుస్తుంది. ఎర్ర బంతి లావు, పైగా తేలిక: పసుపుది 56-59 గ్రాములైతే ఇది 36-49. నా లెక్కలో అదే వేగానికి గాలి దాన్ని సుమారు 1.7 రెట్లు గట్టిగా ఆపుతుంది. బంతి మెల్లగా వస్తుంది, పిల్లాడు పరిగెత్తే దూరం తగ్గుతుంది. గల్లీ క్రికెట్‌లో అరిగిన టెన్నిస్ బంతితో ఈ పని సగమే అవుతుంది. ఒత్తిడి పోయి తక్కువ లేస్తుంది సరే, నూగు కూడా ఊడిపోవడంతో గాలిలో మరింత సాఫీగా దూసుకొస్తుంది.

ఇక ఆడటానికి కావలసినవంటారా, సుద్దముక్కతో గీసిన 11 మీటర్లు, 80 సెం.మీ. ఎత్తున కట్టిన తాడు, అంతే. కొనేముందు మాత్రం సిమెంటు నేల మీద 254 సెం.మీ. ఎత్తు నుంచి వదిలి చూడండి. 105 దాటిందా, రంగు ఎంత ఎర్రగా ఉన్నా తిరిగిచ్చేయండి.